షెట్లండ్ పోనీ: పొగరు, పనితనం, కొనేముందు చూడాల్సినవి

మీ ప్రశ్న చదివాను. స్కాట్లండ్‌లో అబర్డీన్ దగ్గర ఇల్లు, వెనక ఎకరం పచ్చిక, ఏడేళ్ల పాప. పక్క ఊళ్లో ఒకాయన పదకొండేళ్ల షెట్లండ్ పోనీని, అంటే ఆ జాతి పొట్టి గుర్రాన్ని, ఇస్తానంటున్నారు. విత్తు కొట్టిన మగది, ఒకప్పుడు బండికి కట్టేవారట. అయితే పాప స్వారీ నేర్చుకునే చోట ఇదే జాతి పోనీ ఒకటి తనను రెండుసార్లు పడేసింది, ఇంకో పిల్లాడి చొక్కా పళ్లతో పట్టి లాగింది. 'అవి మొండి ఘటాలు, జోలికి పోవద్దు' అని కొందరంటున్నారు. 'అంత పొట్టిది ఏం పని చేస్తుంది, ముద్దుగా చూసుకోవడానికే' అని ఇంకొందరంటున్నారు. ఎవరి మాట వినాలని మీ సందేహం.

ఈ రెండు మాటలూ అన్నవాళ్లు షెట్లండ్‌ని బండి ముందు చూసి ఉండరు. స్కాట్లండ్‌లో గుర్రాలకు బండి పని నేర్పే చోట చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. పొట్టి పోనీల్ని ఎవరూ తీసుకోకపోతే నాకే అప్పగిస్తారు, అందుకని వీటితోనే ఎక్కువ కాలం గడిచింది. నాకు తెలిసింది ఇది: షెట్లండ్‌కి ఒళ్లు చిన్నదే గానీ బుర్ర, బలం పెద్ద గుర్రానివి. ఆ రెంటికీ పని దొరక్కపోతే అల్లరి మొదలవుతుంది. పని దొరికితే దానంత నమ్మకంగా లాగే జంతువు ఈ దేశంలో తక్కువ. మీకు ఇస్తామంటున్నది ఇంతకుముందు బండి లాగిందన్న మాటే నాకు అన్నిటికన్నా నచ్చింది. ఎందుకో చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

ముందు ఇది పుట్టిన చోటు సంగతి. షెట్లండ్ దీవులు స్కాట్లండ్‌కి ఉత్తరాన, 60 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉన్నాయి. చెట్లు దాదాపు లేవు. దీవుల్లో ఎక్కడ నిలబడినా సముద్రం ఐదు కిలోమీటర్లలోపే ఉంటుంది, కాబట్టి ఉప్పుగాలి తప్పించుకునే చోటంటూ లేదు. నడి చలికాలంలో పగలు ఆరు గంటలకు మించదు. ఊరి ఉమ్మడి కొండ మేతభూమిని అక్కడివాళ్లు స్కాటల్డ్ అంటారు. పోనీలు ఏడాది పొడుగునా ఆ కొండమీదే తిరిగేవి. దాణా వేసేవాడు లేడు, శాల లేదు. మంచు కప్పేసి మేత దొరక్కపోతే ఒడ్డుకు దిగి సముద్రపు నాచు తినేవి. ఎక్కడ గాలి తగలదు, ఏ బురదలో కాలు దిగబడుతుంది, ఏ దారిన పోతే మేత ఉంటుంది, ఇవన్నీ తమకు తామే తేల్చుకున్నవే బతికాయి. అట్లా కొన్ని వేల ఏళ్లు గడిచాయి. అక్కడి తవ్వకాల్లో కంచు యుగం నాటి చిన్న పోనీల ఎముకలు దొరికాయి.

అలాంటి జంతువు 'నువ్వు చెప్పావు కాబట్టి చేస్తాను' అనదు. 'ఎందుకు?' అన్నట్టు ఒకసారి ఆగి చూస్తుంది. జనం మొండితనం అనేది చాలావరకు ఈ ఆగి చూడటాన్నే. బురదనేల మీద నడిపిస్తున్నప్పుడు నా షెట్లండ్ ఆగిపోతే నేను తిట్టను. ముందు ఆ నేల వంక చూస్తాను.

కొండ మీద ఊరికే తిరిగినవి కూడా కావు. దీవుల్లో పొయ్యిలోకి పీట్ వాడేవారు. బురదనేలల్లోంచి ఇటుకల్లా కోసి ఎండబెట్టే గడ్డలు అవి. వాటిని కొండమీంచి ఇంటికి చేర్చింది పోనీలే. బండ్లు తిరిగే రోడ్లు 19వ శతాబ్దం నడిమి దాకా అక్కడ లేవు. పోనీ వీపున క్లిబ్బర్ అనే చెక్క జీను కట్టి, దానికి రెండు పక్కలా కిషీ అనే గడ్డి బుట్టలు వేలాడదీసి, వాటి నిండా పీట్ నింపేవారు. వేసవిలో వరసగా పోనీలు దిగుతుంటే, ఆడవాటి వెంట పిల్లలు కూడా నడిచి వచ్చేవి. ఆ దారులు ఇప్పటికీ గుంటలు, రాళ్లు, తడినేలే. అక్కడ బరువు మోస్తూ కాలు తప్పకుండా దిగడం ఒంటి బలంతోనే అయ్యే పని కాదు. దీని తోక వెంట్రుకలకూ గిరాకీ ఉండేది, చేపల గాలపుతాళ్లు పేనేవారు. పక్కవాడి గుర్రం తోక కత్తిరించడం నేరమని అక్కడి పాత కట్టుబాట్లలో ఉంది.

ఆ తర్వాతిది బొగ్గుగనుల కథ. నాకు ఇది చెప్పినప్పుడల్లా మనసు బరువెక్కుతుంది, అయినా చెప్పాలి. 1842లో బ్రిటన్ పార్లమెంటు ఆడవాళ్లనూ పదేళ్లలోపు మగపిల్లలనూ గనిలోపల పనికి పెట్టకూడదని చట్టం చేసింది. అప్పటిదాకా పిల్లలు పాకుతూ లాగిన బొగ్గుతొట్లను ఇక ఎవరు లాగాలి? ఈశాన్య ఇంగ్లండ్ గనుల్లో బొగ్గు పొరలు పలచన, కప్పు ఎత్తు తక్కువ. పెద్ద గుర్రం పట్టదు. మూపు దగ్గర మీటరుకు అటూఇటూ ఉండి, ఒంట్లో గుర్రమంత సత్తువున్న జంతువు కావాలి. షెట్లండ్ దీవుల నుంచి ఓడల్లో మగపోనీలు దక్షిణానికి తరలిపోయాయి. మంచి బలమున్నవి, ఎముక దిట్టమైనవి ముందు పోయాయి. దీవుల్లో మిగిలిన నాసిరకం మగవాటితోనే ఆడవి కట్టడంతో కొన్ని దశాబ్దాల్లో జాతే క్షీణించింది.

దాన్ని నిలబెట్టింది కూడా గనుల అవసరమే. ఈశాన్య ఇంగ్లండ్‌లోని డరమ్ ప్రాంతంలో గనులున్న లండన్‌డెరీ మార్క్వెస్ అనే ప్రభువు 1870 ప్రాంతంలో షెట్లండ్‌లోని బ్రెస్సే, నాస్ దీవుల్ని కౌలుకు తీసుకుని, ఏరి తెచ్చిన పోనీలతో పెంపకం మొదలుపెట్టాడు. ఆయన మనుషులు చూసుకున్న లెక్క సూటిగా ఉండేది: వీలైనంత బరువైన ఒళ్లు, వీలైనంత నేలకు దగ్గరగా. అక్కడి జాక్ అనే మగపోనీ సంతతి నేటి షెట్లండ్‌లలో చాలావాటి వంశవృక్షంలో కనిపిస్తుంది. ఆ మందను 1899లో అమ్మేశారు. ఈలోగా 1890లో షెట్లండ్ పోనీ స్టడ్‌బుక్ సొసైటీ ఏర్పడి, మరుసటి ఏడు మొదటి వంశావళి పుస్తకం వేసింది. నాలుగేళ్లు నిండిన పోనీ 42 అంగుళాలు, అంటే 107 సెంటీమీటర్లు దాటకూడదన్నది ఇప్పటికీ వాళ్ల నియమం. మీరు చూడబోయే పోనీకి ఆ సొసైటీ కాగితాలుంటే మంచిదే, లేకపోయినా పనికి అడ్డం కాదు. కానీ పాస్‌పోర్టు అనే గుర్రపు గుర్తింపు పత్రం, మైక్రోచిప్ లేకుండా ఏ గుర్రాన్నీ కొనకండి, అవి చట్టప్రకారం ఉండాలి.

1913 నాటికి బ్రిటన్ గనుల్లో అన్ని జాతులవీ కలిపి సుమారు 70 వేల గుర్రాలు, పోనీలు నేల అడుగున పనిచేసేవి. చాలావాటికి శాలలు కూడా కిందే. గనివాళ్లు చెప్పుకునే మాటలు విన్నవాళ్లకు షెట్లండ్ గుణం బాగా తెలుస్తుంది. తనకు అలవాటైన తొట్ల కన్నా ఒకటి ఎక్కువ తగిలిస్తే, కొక్కేల చప్పుడును బట్టి పసిగట్టి కదలకుండా నిలబడేవట. కప్పు కూలబోయేముందు ముందుకు అడుగు వేయక, తోలేవాడి ప్రాణం కాపాడినవి ఉన్నాయట. పనివాడి అన్నం డబ్బా మూత తీసి తినేయడం సరేసరి. ఒకే జంతువు, ఒకే బుర్ర. డబ్బా మూత ఎలా తీయాలో తేల్చుకున్న తెలివే కప్పులోంచి వచ్చే చిన్న కిర్రుమన్న శబ్దాన్నీ పట్టుకుంది. ఒకటి కావాలి, రెండోది వద్దు అంటే కుదరదు.

ఇప్పుడు మీ పాపను పడేసిన పోనీ దగ్గరికి వద్దాం. స్వారీ బడుల్లో షెట్లండ్‌లు చెడిపోవడానికి ఒక కారణం ఎవరూ పెద్దగా చెప్పరు. పెద్ద గుర్రం తప్పు నేర్చుకుంటే అనుభవమున్న మనిషి ఎక్కి పదిరోజుల్లో సరిదిద్దుతాడు. షెట్లండ్ మీద అలాంటి పెద్దమనిషి ఎక్కలేడు. దాని బరువు 180, 200 కిలోల దగ్గర ఉంటుంది. వీపు మీద పెట్టేది, జీనుతో కలిపి, అందులో 15 నుంచి 20 శాతం లోపే ఉండాలి. అంటే 30, 40 కిలోలు. కాబట్టి దాని వీపున ఎక్కేది ఎప్పుడూ ఇంకా నేర్చుకుంటున్న పిల్లలే. పగ్గాలు లాగి వేలాడేవాళ్లు, మడమలతో ఊరికే తన్నేవాళ్లు, భయంతో గట్టిగా అరిచేవాళ్లు. తల ఒక్కసారి కిందికి గుంజితే పిల్ల మెడమీదుగా జారుతుందని, వెంటనే గడ్డి నోటికి అందుతుందని దానికి తెలియడానికి ఒక మధ్యాహ్నం చాలు. దాన్ని మళ్లీ మరిపించేవాడు లేడు. అందుకని అక్కడ మీరు చూసింది ఆ జాతి స్వభావం అనుకోవద్దు. నేర్పినవాళ్లు లేని తెలివి అది.

ఇంకోటి కూడా చూడండి. షెట్లండ్ వీపు పీపాలా గుండ్రంగా ఉంటుంది, మూపు పెద్దగా లేవదు. జీను ముందుకు జారుతుంది. తోక కిందినుంచి జీనుకు కట్టే పట్టీ లేకపోతే పోనీ తల వంచగానే జీనూ పిల్లా రెండూ మెడమీదికి వస్తాయి. చాలా 'పడేయడాలు' ఇవే. ఆ పట్టీ, తల మరీ కిందికి పోకుండా జీనుకు కట్టే గడ్డిపగ్గం, ఈ రెండూ ఉంటే సగం గొడవ ఉండదు.

కరవడం గురించి. ఇది దాదాపు ఎప్పుడూ మనం నేర్పేదే. ముద్దుగా ఉందని చేతితో క్యారెట్, బిస్కెట్ పెడతాం. మర్నాడు చెయ్యి ఖాళీగా వస్తే వెతుక్కుంటుంది, జేబు లాగుతుంది, ఆ తర్వాత చొక్కా. తినడానికి ఏదిచ్చినా బకెట్లోనే వేయాలి, ఇంటికొచ్చే చుట్టాలకూ ఇదే చెప్పాలి. ఈ ఒక్క నియమంలో మినహాయింపు లేదు. స్టిర్లింగ్ కోటలో 2017లో ఎలిజబెత్ రాణి స్కాట్లండ్ రెజిమెంటును పలకరిస్తుంటే, ఆ దళం తన గుర్తుగా పెంచుకునే క్రువఖన్ అనే షెట్లండ్ పోనీ ఆమె చేతిలో పూలగుత్తిని నోట కరుచుకోబోయింది. కవాతుల్లో బ్యాండు చప్పుడుకీ జనానికీ చలించకుండా నిలబడేలా సైన్యం తర్ఫీదు ఇచ్చిన పోనీ అది. చప్పుళ్ల మధ్య నిలబడగల ధైర్యమూ నోటి ముందుకొచ్చింది వదలని గుణమూ దానిలో పక్కపక్కనే ఉన్నాయి.

మరి పని? నా దగ్గరికి వచ్చిన ఒక నల్లపోనీ గురించి చెప్తాను. గేటు గడియను పెదవితో పైకెత్తి పక్కకు నెట్టడం నేర్చుకుంది, రోజూ బయటికి వచ్చేది. పట్టుకోబోతే చేయి అందేంత దూరంలో నిలబడి, చేయి చాచగానే సరిగ్గా ఒక అడుగు జరిగేది. దాన్ని పొడుగు పగ్గాల మీద పెట్టాను. వెనక నడుస్తూ రెండు పగ్గాలతో తోలడం అన్నమాట. మొదట్లో ప్రతి మలుపులో నన్ను పరీక్షించేది. ఒకచోట గోడ పక్కన ఆగి కదలనంది. నేను లాగలేదు, కొట్టలేదు, నా చోటు నుంచి జరగనూ లేదు. అది విసుగొచ్చి అడుగు వేసిన క్షణం పగ్గం వదులు చేశాను. మర్నాడు ఆ గోడ దగ్గర అది ఆగలేదు.

ఆ తర్వాత పక్కచూపు ఆపే కంటిమూతలు, రొమ్ముపట్టీ, చప్పుళ్లకు అలవాటు, వెనక ఈడ్చే టైరు. ఏదీ ముందు రోజుది కుదిరిందాకా ముందుకు జరపలేదు. టైరు మొదటిసారి బరువు తగిలినప్పుడు చూడాలి దాన్ని. చెవులు వెనక్కి తిరిగాయి. ఒక్క క్షణం ఆలోచన. తల కిందికి దించి, మెడ చాచి, వెనక డెక్కలు నేలలో నాటి, ఒళ్లంతా రొమ్ముపట్టీలోకి వాల్చింది. కుదుపు లేదు, గుంజడం లేదు. కొత్త గుర్రాలు చాలావరకు బరువు తగలగానే అదిరి ముందుకు దూకుతాయి. షెట్లండ్ వాలుతుంది. బరువు కదిలాక చెవులు ముందుకొచ్చాయి. బండికి కట్టడం మొదలయ్యాక అది గేటు తీయడం మానలేదు గానీ, నా చేతిలో కళ్లెం కనిపిస్తే తనే ఎదురొచ్చేది.

ఎంత లాగుతుంది అని అడగొచ్చు. మంచి రోడ్డు, నున్నగా తిరిగే చక్రాలు ఉంటే బండీ మనుషులూ కలిపి తన ఒంటి బరువంత లాగడం అలవాటైన షెట్లండ్‌కి కష్టమైన పని కాదు. ఎత్తుకు తగ్గ బలం లెక్కగడితే బ్రిటన్ జాతుల్లో దీన్ని ముందు వరసలో పెడతారు. పొట్టికాళ్లు, వెడల్పు రొమ్ము, కురచ వీపు, దిట్టమైన ఎముక, బరువంతా నేలకు దగ్గర, వీటివల్లే ఇది లాగడానికి పనికొస్తుంది. అయితే మెత్తటి నేల, ఎత్తు, ఎండ ఉంటే లెక్క మారిపోతుంది. పొట్టికాళ్లు కాబట్టి పెద్ద గుర్రం ఒక అడుగు వేసేలోగా ఇది రెండు వేయాలి, దూరం పెరిగేకొద్దీ అది అలసటగా తేలుతుంది. సత్తువ ఉంది కదా అని పెద్దవాళ్లు నలుగురు ఎక్కి కొండ ఎక్కించడం క్రూరత్వం. ఇది ఆగదు, లాగుతూనే ఉంటుంది. ఎప్పుడు ఆపాలో మనమే చూసుకోవాలి.

మీ విషయంలో బండి వైపు మొగ్గమని చెప్పడానికి ఇంకో కారణం ఉంది. పాపకు ఇప్పుడు ఏడేళ్లు. ఇంకో నాలుగైదేళ్లలో వీపు మీద కూర్చునే బరువు దాటుతుంది. షెట్లండ్‌లు ముప్ఫై ఏళ్లు, ఆ పైనా బతుకుతాయి. స్వారీకే కొన్నవాళ్లు పిల్ల ఎదగగానే అమ్ముతారు, అది చేతులు మారుతూ ఒక్కో ఇంట్లో ఒక్కో చెడ్డ అలవాటు నేర్చుకుంటుంది. బండి ఉంటే పాప కాలేజీకి వెళ్లేదాకా తనే తోలుకోవచ్చు, మీరూ కూర్చోవచ్చు.

ఇక ఆరోగ్యం. మీ ఎకరం పచ్చిక చూసి సంతోషపడకండి, నాకు భయం వేసేది దానివల్లే. సారం తక్కువున్న కొండగడ్డి మీద బతికేలా తయారైన ఒళ్లు ఇది. జర్మనీలో గ్యోటింగన్ విశ్వవిద్యాలయం వాళ్లు షెట్లండ్‌ల మీద చేసిన పరిశోధనలో, చలికాలంలో మేత తగ్గినప్పుడు ఇవి కదలికనీ ఒంటి వేడినీ తగ్గించుకుని శక్తి పొదుపు చేస్తాయని తేలింది. అలాంటిదాన్ని అబర్డీన్ వసంతకాలపు లేతగడ్డిలో పగలూ రాత్రీ వదిలితే లామినైటిస్ వస్తుంది. డెక్క లోపలి పొరలు వాచి, ఎముక పట్టు సడలే జబ్బు. విపరీతమైన నొప్పి. ముదిరితే బతికించలేరు. పచ్చికను ఎలక్ట్రిక్ కంచెతో చిన్న భాగాలుగా చేసి కొద్దికొద్దిగా వదలండి, ఎక్కువ మేయకుండా మూతికి చిక్కం కట్టండి, మిగతా ఆకలికి నానబెట్టిన ఎండుగడ్డి. లావైందని ఒక్కసారిగా మేత మాన్పించడం ఇంకా ప్రమాదం. షెట్లండ్‌లకు అలా చేస్తే కొవ్వు రక్తంలోకి వచ్చిపడి కాలేయం దెబ్బతింటుంది, ప్రాణం పోతుంది. తగ్గించేది నెమ్మదిగా, వెటర్నరీ డాక్టరు చెప్పినట్టు. ఆరోగ్యంగా ఉన్నదానికి చలికాలంలో దుప్పటి అక్కర్లేదు. దాని రెండు పొరల బొచ్చు వానను పైనుంచే జార్చేస్తుంది. దుప్పటి కప్పితే ఆ చలికి కరగాల్సిన వేసవి కొవ్వు అలాగే ఉండిపోతుంది.

పోనీని చూడ్డానికి వెళ్లేముందు, దాన్ని పట్టి తయారుగా ఉంచవద్దని ఆయనకు చెప్పండి. పచ్చికలో తిరుగుతున్నదాన్ని ఆయన మీ కళ్లముందే పట్టుకోవాలి. నాలుగు కాళ్లూ ఎత్తి చూపించాలి. డెక్కల మీద గీతలు చూడండి. ముందువైపు దగ్గరగా, మడమ వైపు దూరంగా విడిపోతూ ఉంటే అది పాత లామినైటిస్ గుర్తు. మెడ పైభాగం చేతితో పట్టండి. గట్టిగా, పక్కకు వంగకుండా ఉంటే కొవ్వు ముదిరిందని అర్థం. గట్టినేల మీద గుండ్రంగా నడిపించమనండి, తిరిగేటప్పుడు కాలు దాచుకుంటే ఆ పూటకి వద్దనండి. తర్వాత బండి కట్టమనండి. నొగల మధ్య నిలబడి, పట్టీలన్నీ బిగించేదాకా కదలకుండా ఉంటుందా? రోడ్డు మీద ట్రాక్టరు ఎదురైతే ఏం చేస్తుంది? ఇంటివైపు తిప్పినప్పుడు పరుగు లంకించుకుంటుందా, నడకలోనే వస్తుందా? ఈ చివరిది చాలామంది చూడరు. ముందు ఆయన తోలాలి, తర్వాత మీరు పక్కన కూర్చుని పగ్గాలు పట్టాలి.

ఇవన్నీ కుదిరితే వెటర్నరీ డాక్టరు చేత పరీక్ష చేయించి తీసుకోండి. కొన్న తర్వాత మొదటి మూడునెలలు వారానికి ఒక్కరోజైనా బండి తోలడం తెలిసిన మనిషి దగ్గర మీరూ పాపా ఇద్దరూ నేర్చుకోండి. పోనీకి బండి తెలిసుండొచ్చు, మీకు తెలియదు కదా. ఆ తేడాను షెట్లండ్ మొదటి రోజే పట్టేస్తుంది. పాప పెద్దవాళ్లు లేకుండా పచ్చికలోకి ఒంటరిగా వెళ్లకూడదు, అది ఎంత సాధువైనా సరే. దానికి తోడు ఇంకో పోనీ గానీ, పక్క పచ్చికలో కనీసం కనిపించే గుర్రం గానీ ఉండాలి. ఒంటిగా ఉన్న షెట్లండ్ కంచెలు దాటడానికి దారులు వెతుకుతుంది, వెతికితే దొరుకుతాయి. ఆ ఏర్పాటు మీ దగ్గర లేకపోతే, అది అయ్యాకే పోనీని ఇంటికి తెచ్చుకోండి. అప్పటిదాకా దాన్ని తన దగ్గరే ఉంచమని ఆయన్ని అడిగి, వారం వారం వెళ్లి అక్కడే బండి కట్టడం నేర్చుకోవచ్చు.